నెమరు వేసే పశువు, మండే బొగ్గు: మీథేన్ లెక్కలో ఏది ఎంత

నల్లగొండ జిల్లా దామరచర్ల మండలం వీర్లపాలెం దగ్గర 4000 మెగావాట్ల సామర్థ్యంతో యాదాద్రి థర్మల్ విద్యుత్ కేంద్రాన్ని నిర్మించారు. దానికి ఆమడ దూరంలోనే నాగార్జునసాగర్ ఎడమ కాలువ కింద వరి మడులు, ఆ గడ్డి తిని పాలిచ్చే బర్రెలు, కాలువ నీరు ఎక్కని గట్టు నేలల్లో గొర్ల మందలు తరతరాలుగా ఉన్నాయి. భూమిని వేడెక్కించే వాయువుల లెక్క తీయాలంటే పెద్దగా తిరగనక్కరలేదు. బొగ్గు, పొలం, పశువు మూడూ ఒక్క జిల్లాలోనే పక్కపక్కన దొరుకుతాయి. వీటిలో దేని వంతు ఎంత అన్న ప్రశ్న దగ్గరికి వచ్చేసరికి మాత్రం శాస్త్రం కంటే అభిమానాలే ఎక్కువగా మాట్లాడుతున్నాయి. మాంసం, పాలు మానేస్తే సగం సమస్య తీరుతుందని వాదించేవారు ఒకవైపు ఉంటే, పశువులు అనాదిగా ఉన్నవే కాబట్టి వాటి వల్ల కొత్తగా వచ్చే నష్టమేమీ లేదని చెప్పేవారు మరోవైపు ఉన్నారు. అసలు వాతావరణం మారడమే ప్రకృతి సహజమని, మనిషి చేసిందేమీ లేదని కొట్టిపారేసేవారు ఇంకొందరు. మొదటి రెండు వాదనల్లో కొంత నిజం ఉంది. అందుకే అవి తేలిగ్గా తెగవు. మూడోదాన్ని మాత్రం కొలతలు ఎప్పుడో తోసిపుచ్చాయి.

ఆ మూడోదానితోనే మొదలుపెట్టడం మేలు. గాలిలోని కార్బన్ డయాక్సైడ్ పారిశ్రామిక యుగానికి ముందు పది లక్షల భాగాలకు 280 భాగాలు ఉండేది, ఇప్పుడు 420 దాటింది. ఈ పెరుగుదల శిలాజ ఇంధనాల నుంచే వచ్చిందని చెప్పడానికి ఆ కార్బన్‌లోనే ఆధారం ఉంది. కోట్ల ఏళ్లు భూగర్భంలో ఉన్న బొగ్గులో, చమురులో రేడియోధార్మిక కార్బన్-14 (కార్బన్‌లోనే బరువు తేడా ఉన్న ఒక రకం, అంటే ఐసోటోపు) పూర్తిగా క్షీణించిపోయి ఉంటుంది. వాటిని మండించిన కొద్దీ గాలిలోని కార్బన్‌లో ఆ ఐసోటోపు వాటా పలుచబడుతుంది, కొలతల్లో కనిపిస్తున్నదీ అదే. సూర్యుడే కారణమైతే వాతావరణంలోని పై పొరలూ కింది పొరలూ కలిసి వేడెక్కాలి. జరుగుతున్నది వేరు: కింది పొర వేడెక్కుతుంటే దాని పైనున్న స్ట్రాటోస్ఫియర్ చల్లబడుతోంది. వేడిని కిందనే పట్టి ఉంచే వాయువులు పెరిగినప్పుడే ఇలా జరుగుతుంది. 1978 నుంచి ఉపగ్రహాలు కొలుస్తున్న సౌరశక్తిలో ఈ వేడిని వివరించగల పెరుగుదల లేదు. 2021లో వాతావరణ మార్పులపై అంతర్ ప్రభుత్వ సంఘం (ఐపీసీసీ) ఆరో నివేదిక మానవ ప్రభావం నిస్సందేహమని రాయడానికి వెనుక ఉన్నది ఇలాంటి ఆధారాల గుట్టే. కాబట్టి మిగిలిన తగవు మనిషి కారణమా కాదా అన్నది కాదు, మనిషి చేసే పనుల్లో ఏది ఎంత అన్నదే.

పశువు దగ్గరికి వస్తే, లెక్కకొచ్చేది వేడిని పట్టి ఉంచే మరో వాయువు, మీథేన్. అది పశువు ఊపిరితిత్తుల్లో పుట్టదు, పేడలోనూ అంతగా పుట్టదు. ఆవు, బర్రె, గొర్రె, మేక వంటి నెమరు వేసే జంతువులకు నాలుగు అరల పొట్ట ఉంటుంది. వాటిలో పెద్దదైన మొదటి అర ప్రాణవాయువు చొరని ఊరవేత తొట్టిలా పనిచేస్తుంది. మనిషి అరిగించుకోలేని గడ్డిలోని పీచును అక్కడి సూక్ష్మజీవులు విడగొట్టి పశువుకు పనికివచ్చే ఆమ్లాలుగా మారుస్తాయి. ఆ క్రమంలో విడుదలయ్యే హైడ్రోజన్ పేరుకుపోతే ఊరడమే ఆగిపోతుంది. ఆర్కియా తెగకు చెందిన మరో రకం సూక్ష్మజీవులు ఆ హైడ్రోజన్‌ను కార్బన్ డయాక్సైడ్‌తో కలిపి మీథేన్‌గా మార్చి తొట్టిని ఖాళీ చేస్తుంటాయి. ఆ వాయువులో తొంభై శాతానికి పైగా త్రేన్పుల రూపంలో, శ్వాసతో కలిసి నోటి నుంచీ ముక్కు నుంచీ బయటికి వస్తుంది. వెనుక నుంచి వెళ్లేది స్వల్పం. ఈ విషయంపై పుట్టిన హాస్యమంతా తప్పు దిక్కుకు గురిపెట్టిందే.

ఇక్కడ రైతు గమనించాల్సిన సంగతి ఒకటుంది. మీథేన్ మండే వాయువు, అంటే శక్తి ఉన్న పదార్థం. నాసిరకం గడ్డి మీద బతికే ఆవులు, బర్రెలు తిన్న మేతలోని మొత్తం శక్తిలో సుమారు ఆరున్నర శాతం ఇలా గాలిలో కలిసిపోతుందని ఐపీసీసీ 2006 మార్గదర్శకాలు లెక్కిస్తాయి. పాలుగానో కండగానో మారవలసిన మేత త్రేన్పుగా పోతోందన్నమాట. మేతలో పీచు ఎక్కువై, మాంసకృత్తులు తక్కువైన కొద్దీ ఈ నష్టం పెరుగుతుంది. వరిగడ్డి సరిగ్గా అలాంటి మేతే.

గాలిలో మీథేన్ 1750కి ముందు వంద కోట్ల భాగాలకు 700 చిల్లర భాగాలు ఉండేదని ధ్రువ ప్రాంతాల మంచు పొరల్లో చిక్కుకున్న గాలి బుడగలు చెబుతున్నాయి. ఇప్పుడది 1900 దాటింది. పరిమాణంలో కార్బన్ డయాక్సైడ్ ముందు ఇది లెక్కలోకి రానంత తక్కువ, కానీ వేడిని పట్టే శక్తిలో చాలా ఎక్కువ. 19వ శతాబ్దపు రెండో సగంతో పోలిస్తే 2010-2019 నాటికి పెరిగిన ఉష్ణోగ్రతలో కార్బన్ డయాక్సైడ్ వంతు సుమారు 0.8 డిగ్రీలు, మీథేన్ వంతు సుమారు 0.5 డిగ్రీలు అని ఐపీసీసీ అంచనా. గాలిలోని ధూళి, గంధక కణాలు కొంత చల్లబరచడం వల్ల నికరంగా కనిపించిన వేడి 1.1 డిగ్రీల దగ్గర నిలిచింది. మనిషి పనుల నుంచి వెలువడే మీథేన్‌లో మూడో వంతుకు కొంచెం తక్కువ పశువులదని, దాదాపు అంతే బొగ్గు గనులు, చమురు, సహజవాయువుల లీకులదని, ఐదో వంతు చెత్తకుప్పలు, మురుగునీటిదని, సుమారు 8 శాతం వరి మడులదని ఐక్యరాజ్య సమితి పర్యావరణ కార్యక్రమం 2021లో లెక్కగట్టింది. ఈ నిష్పత్తి గతమంతటికీ వర్తిస్తుందని అనుకుంటే, పశువుల మీథేన్ వల్ల ఇప్పటివరకు పెరిగిన వేడి స్థూలంగా 0.15 డిగ్రీల పరిసరాల్లో ఉంటుంది. కొట్టిపారేయగల అంకె కాదది. అయితే బొగ్గు, చమురులను పక్కకు నెట్టి ప్రథమ ముద్దాయి స్థానంలో పశువును నిలబెట్టగల అంకె కూడా కాదు.

మరి పశువుల వాటాపై ఒకదానికొకటి పొంతన లేని శాతాలు ఎలా ప్రచారంలోకి వచ్చాయి? ఐక్యరాజ్య సమితి ఆహార, వ్యవసాయ సంస్థ 2006లో ప్రపంచ ఉద్గారాల్లో పశుపోషణ వాటా 18 శాతమని ప్రకటించింది. 2013లో అదే సంస్థ దాన్ని 14.5 శాతానికి, 2023లో సుమారు 12 శాతానికి సవరించింది. మధ్యలో 2009లో వరల్డ్ వాచ్ సంస్థ పత్రికలో వచ్చిన ఒక వ్యాసం ఏకంగా 51 శాతమని రాసింది. పశువులు వదిలే శ్వాసలోని కార్బన్ డయాక్సైడ్‌ను కూడా అది లెక్కలో కలిపింది. తిన్న గడ్డిలోని కార్బనే శ్వాసగా తిరిగి వస్తుంది కనుక ఆ కలపడం చెల్లదని తర్వాత ఎందరో శాస్త్రవేత్తలు విమర్శించారు. మొదటి 18 శాతానికీ ఒక చిక్కు ఉంది. పశువు విషయంలో మేత పండించడం, అడవి నరకడం, ఎరువు తయారీ, రవాణా అన్నీ కలిపారు. పోలికకు తెచ్చిన వాహనాల విషయంలో గొట్టం నుంచి వచ్చే పొగనే తీసుకున్నారు, ఉక్కు తయారీని, చమురు శుద్ధిని కలపలేదు. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి చెందిన ఫ్రాంక్ మిట్‌లోనర్ ఈ అసమానతను ఎత్తిచూపాక, నివేదిక రచయితలు కూడా ఆ పోలిక సరికాదని ఒప్పుకున్నారు. ‘కార్ల కంటే ఆవులే ప్రమాదం’ అన్న వాక్యం మాత్రం ఆ సవరణలేవీ తెలియనట్టు నేటికీ తిరుగుతూనే ఉంది.

అమెజాన్ అడవిని నరికి గడ్డిబీడుగా మార్చిన చోట పశువు మోసే నేరంలో అడవి నరికివేత కూడా కలిసి ఉంటుంది. పాలమూరు బీడు నేలల్లో మేసే గొర్రెకు అదే ప్రపంచ సగటును అంటించడం న్యాయం కాదు. ప్రపంచ సగటు అన్నది ఏ ఒక్క ఊరి పశువుకూ సరిపోని కొలత.

స్థానికంగా లెక్క వేసి చూస్తే చర్చలోని అసలు చిక్కుముడి ఎక్కడుందో తెలుస్తుంది. 2019 పశుగణన ప్రకారం తెలంగాణలో ఆవులు, ఎద్దులు కలిపి సుమారు 42 లక్షలు, బర్రెలు, దున్నలు దాదాపు అంతే, గొర్రెలు 1.91 కోట్లు, మేకలు 49 లక్షలు ఉన్నాయి. ఐపీసీసీ 2006 మార్గదర్శకాలు భారత ఉపఖండానికి పాడి ఆవుకు ఏడాదికి 58 కిలోలు, ఇతర ఆవులకూ ఎద్దులకూ 27 కిలోలు, బర్రెకు 55 కిలోలు, గొర్రెకు లేదా మేకకు 5 కిలోల చొప్పున మీథేన్ సూచిస్తాయి. ఆవు జాతికి సగటున 35 కిలోలు వేసుకుంటే, రాష్ట్రంలోని పశువులన్నీ కలిసి ఏడాదికి సుమారు 5 లక్షల టన్నుల మీథేన్ త్రేన్చుతాయి. ఇప్పుడు యాదాద్రి కేంద్రం పూర్తి సామర్థ్యంలో 70 శాతం మేర ఏడాదంతా నడుస్తుందని, యూనిట్‌కు 0.9 కిలోల కార్బన్ డయాక్సైడ్ వదులుతుందని అనుకుంటే, ఆ ఒక్క కేంద్రం నుంచి ఏడాదికి వెలువడేది సుమారు 2.2 కోట్ల టన్నులు. ఇవి ఇక్కడి పోలిక కోసం వేసిన స్థూలమైన లెక్కలే, అధికారిక గణాంకాలు కావు. అయినా దిశ చూపడానికి చాలు.

ఈ రెండింటినీ పోల్చాలంటే మీథేన్‌ను కార్బన్ డయాక్సైడ్ భాషలోకి మార్చాలి. వంద ఏళ్ల కాలానికి సగటు తీస్తే, పశువుల మీథేన్ టన్ను ఒక్కటి 27 టన్నుల కార్బన్ డయాక్సైడ్‌కు సమానమని ఐపీసీసీ ఆరో నివేదిక చెబుతుంది. ఆ లెక్కన తెలంగాణ పశుసంపద అంతా కలిసి 1.35 కోట్ల టన్నులకు సమానం, అంటే ఒక్క యాదాద్రి కేంద్రంలో మూడింట రెండు వంతులకు కూడా రాదు. ఇరవై ఏళ్ల కాలానికి చూస్తే అదే టన్ను మీథేన్ సుమారు 80 టన్నులకు సమానం. ఆ లెక్కన పశువుల వాటా 4 కోట్ల టన్నులై, విద్యుత్ కేంద్రం దానిలో సగానికి కాస్త ఎక్కువగా మాత్రమే కనిపిస్తుంది. పశువులు మారలేదు, బొగ్గు మారలేదు, గుణకం మారగానే దోషి మారిపోయాడు. ఇరు పక్షాలూ తమకు అనుకూలమైన కాలవ్యవధిని ఎంచుకుని, దాన్ని ఎంచుకున్నామన్న సంగతి మాత్రం పాఠకుడికి చెప్పకుండా వాదిస్తున్నాయన్నది ఈ చర్చను గమనించే ఎవరికైనా కనిపించే విషయం.

కాలవ్యవధి ఇంత తేడా తేవడానికి కారణం రెండు వాయువుల ఆయుష్షులోని తేడా. మీథేన్ గాలిలోని ఇతర రసాయనాలతో కలిసి సుమారు 12 ఏళ్లలో విరిగిపోతుంది. కార్బన్ డయాక్సైడ్‌కు అలాంటి గడువు లేదు. ఈ రోజు వదిలిన దానిలో గణనీయమైన భాగం శతాబ్దాల తర్వాత కూడా గాలిలోనే ఉంటుంది. మీథేన్‌ది తూము తెరిచి ఉన్న చెరువు: వచ్చే నీరు స్థిరంగా ఉంటే, పోయే నీరు దానితో సమానమై, మట్టం ఒకచోట ఆగుతుంది. కార్బన్ డయాక్సైడ్ చెరువుకు తూము దాదాపు మూసి ఉంది, వాగు ఎంత సన్నగా పారినా మట్టం పెరుగుతూనే ఉంటుంది. పై లెక్కనే పొడిగిస్తే, తెలంగాణ పశువుల సంఖ్య, మేత మారకుండా ఉంటే వాటి మీథేన్ గాలిలో సుమారు 60 లక్షల టన్నుల దగ్గర నిలకడపడుతుంది. యాదాద్రి కేంద్రం మాత్రం పాతికేళ్లు నడిస్తే 55 కోట్ల టన్నుల కార్బన్ డయాక్సైడ్‌ను పోగుచేస్తుంది, మూతపడిన తర్వాత కూడా ఆ పోగు వేడిని పట్టి ఉంచుతూనే ఉంటుంది. ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయానికి చెందిన మైల్స్ ఆలెన్ బృందం 2018లో ప్రతిపాదించిన కొత్త కొలమానం ఈ తేడాను పట్టుకోవడానికి ఉద్దేశించినదే. మీథేన్ ఎంత వెలువడుతోందన్న దాని కంటే, అది పెరుగుతోందా తగ్గుతోందా అన్నదానికి ఆ కొలమానం ఎక్కువ విలువ ఇస్తుంది.

దీన్ని పశువులకు దొరికిన నిర్దోషిత్వ పత్రంగా చదివేవారు ఉన్నారు. అది పొరపాటు. మట్టం ఆగిందంటే వేడి లేదని అర్థం కాదు, వేడి పెరగడం ఆగిందని మాత్రమే. పైగా ఆ కొలమానాన్ని నేరుగా వాడితే ఇప్పటికే భారీ మందలు ఉన్న సంపన్న దేశాలకు పాత ఉద్గారాలు ఉచితంగా దక్కుతాయి, కొత్తగా నాలుగు బర్రెలు కొనుక్కునే పేద దేశపు రైతు నేరస్థుడవుతాడు. అందుకే ఇది ప్రపంచ స్థాయిలో వేడిని అంచనా వేయడానికి మంచి సాధనమే గాని, దేశాల మధ్య బాధ్యతను పంచడానికి పనికిరాదన్న విమర్శలో బలం ఉంది. తూము తెరిచి ఉందన్న మాటకు మరో పక్క కూడా ఉంది: మీథేన్‌ను తగ్గిస్తే ఫలితం ఒక తరం లోపే కనిపిస్తుంది. బొగ్గు విషయంలో అంత త్వరిత ఫలితం సాధ్యం కాదు.

‘పశువుల కార్బన్ గడ్డి నుంచి వచ్చి గడ్డికే పోతుంది’ అన్న వాదన సగం సరైనది. బర్రె త్రేన్పులోని మీథేన్ విరిగితే మిగిలే కార్బన్ డయాక్సైడ్ నిన్నటి గడ్డి గాలి నుంచి పీల్చుకున్నదే, కొత్తగా చేరింది కాదు. బొగ్గు గని నుంచి లీకయ్యే మీథేన్ విరిగినప్పుడు మిగిలేది మాత్రం కోట్ల ఏళ్లుగా పాతిపెట్టి ఉన్న కార్బన్. అందుకే ఐపీసీసీ వంద ఏళ్ల కొలతలో శిలాజ మీథేన్‌కు దాదాపు 30, పశువుల మీథేన్‌కు 27 అని వేర్వేరు గుణకాలు ఇచ్చింది. తేడా ఉందన్నది నిజం, ఆ తేడా ఎంత చిన్నదో చూడటమూ అవసరం. మీథేన్ రూపంలో ఉన్నన్నాళ్లు గడ్డి నుంచి వచ్చిందైనా గని నుంచి వచ్చిందైనా వేడిని ఒకేలా పడుతుంది. ఇక ‘అనాదిగా ఉన్నవే’ అన్న మాటకు జవాబు తలల లెక్కలో ఉంది. ప్రపంచంలో 1961 నాటికి సుమారు 94 కోట్లున్న ఆవు జాతి పశువులు ఇప్పుడు 150 కోట్ల దరిదాపుల్లో ఉన్నాయి. దేశంలో ఆవులు, బర్రెలు కలిపి 1951లో సుమారు 20 కోట్లుంటే 2019 నాటికి 30 కోట్లు దాటాయి. 2007 తర్వాత గాలిలో మళ్లీ పెరగడం మొదలైన మీథేన్‌లో తేలికపాటి కార్బన్ ఐసోటోపు (సూక్ష్మజీవులు పుట్టించే మీథేన్‌లో ఇది ఎక్కువ) వాటా పెరుగుతుండటం కూడా సూక్ష్మజీవుల మూలాలవైపే వేలు చూపుతోంది. వాటిలో పశువులు, వరి మడులతో పాటు, వేడి పెరిగిన కొద్దీ ఎక్కువగా ఊరే ఉష్ణమండలపు చిత్తడి నేలలూ ఉన్నాయి.

దక్షిణ తెలంగాణలో పశువును పాల ఫ్యాక్టరీగానో మాంసపు యంత్రంగానో చూస్తే లెక్క తప్పుతుంది. నాగర్‌కర్నూల్ జిల్లా అమ్రాబాద్ ప్రాంతపు నల్లమల అంచుల్లో పెరిగే పొడ తూర్పు జాతి ఆవు పాలు తక్కువే ఇస్తుంది, కానీ దాని కోడెలు రాళ్ల నేలల్లో అరక లాగడానికి పేరుపడ్డాయి. దేశీయ పశుజాతుల జాబితాలో ఆ జాతికి గుర్తింపు కూడా దక్కింది. పాలమూరు కురుమలు, గొల్లలు మేపే గొర్లలో నల్ల ఉన్ని దక్కనీ రకం గొంగడికి ఆధారం, మాంసానికి గిరాకీ పెరగడంతో దాని స్థానంలోకి నెల్లూరు రకం చొచ్చుకొచ్చింది. కోతలయ్యాక రాత్రిపూట పొలంలో మందను ఆపించి, దానికి గొర్లకాపరికి ధాన్యమో డబ్బో ముట్టజెప్పే ఆచారం ఇంకా ఉంది. అలా పొలంలో పడిన పెంటిక ఎండలో ఎండిపోతుంది కనుక దాని నుంచి మీథేన్ దాదాపు రాదు, పైగా కొంత యూరియా ఖర్చు తప్పుతుంది. ఆ యూరియా తయారు కావాలంటే సహజవాయువు కావాలి, పొలంలో చల్లాక అది నైట్రస్ ఆక్సైడ్ అనే మరో బలమైన వాయువును వదులుతుంది. లీటరు పాలకు ఇన్ని గ్రాముల మీథేన్ అని కొలిచే పద్ధతి అరకనూ, పెంటికనూ, కరువు కాలంలో అమ్ముకుంటే చేతికొచ్చే నాలుగు డబ్బులనూ లెక్కలోకి తీసుకోదు. ఆ కొలతలో డెన్మార్క్ ఆవు ఎప్పుడూ పాలమూరు ఆవు కంటే మెరుగ్గానే కనిపిస్తుంది.

అలాగని ఇక్కడ సరిచేసుకోవలసింది ఏమీ లేదనుకోవడం కూడా సరికాదు. పెద్ద సమస్య మేతలోనే ఉంది. మెట్ట సేద్యం నడిచిన కాలంలో పశువుకు జొన్న చొప్ప, సజ్జ చొప్ప దొరికేవి. కాలువలు, బోర్లు, ఎత్తిపోతలతో వరి విస్తరించాక వరిగడ్డే ప్రధాన మేత అయింది. దానిలో మాంసకృత్తులు 3 నుంచి 4 శాతమే, సిలికా ఎక్కువ, అరుగుదల తక్కువ. కోత మిషన్లు వచ్చాక ఆ గడ్డిలోనూ కొంత పొలంలోనే కాలిపోతోంది. వంద కిలోల గడ్డికి నాలుగు కిలోల యూరియాను సుమారు 50 లీటర్ల నీటిలో కలిపి చల్లి, గాలి చొరకుండా మూడు వారాలు కప్పి ఉంచితే మాంసకృత్తుల విలువ దాదాపు రెట్టింపై అరుగుదల మెరుగవుతుందని పశువైద్యులు దశాబ్దాలుగా చెబుతున్నారు. ఖర్చు తక్కువైనా ఊళ్లలో అది అంతగా పాతుకోలేదు. తడిగడ్డి నిల్వ చేసే చోటు, ఆ పని చేసే మనిషి, యూరియా పాళ్లు తప్పితే పశువు పోతుందేమోనన్న భయం, ఈ మూడూ అడ్డు పడుతున్నాయి. జాతీయ పాడి అభివృద్ధి మండలి చేపట్టిన సమతుల దాణా కార్యక్రమం ఇదే సూత్రం మీద నడిచింది: ఊళ్లో దొరికే తవుడు, చెక్క, పచ్చిగడ్డి, ఖనిజ మిశ్రమాలను సరైన పాళ్లలో పెడితే ఖర్చు తగ్గి, పాలు పెరిగి, లీటరుకు వెలువడే మీథేన్ తగ్గుతుంది.

లీటరుకు తగ్గడం వేరు, మొత్తంగా తగ్గడం వేరు. బాగా మేపిన బర్రె ఎక్కువ తింటుంది, ఒక్కో తలకు వెలువడే మీథేన్ పెరగనూ వచ్చు. అవే పాలు తక్కువ పశువులతో వచ్చి, పాలివ్వని పశువుల సంఖ్య తగ్గినప్పుడే మొత్తం లెక్క కిందికి దిగుతుంది. ఎద్దుల స్థానంలోకి ట్రాక్టర్ వచ్చిన కొద్దీ ఆవు జాతి సంఖ్య ఎలాగూ తగ్గుతోంది. దానికి బదులుగా డీజిల్ పొగ పెరిగిందన్నది ఈ చర్చలో ఎవరూ పెద్దగా ఎత్తని విషయం.

ప్రయోగశాలల నుంచి వస్తున్న మందులూ ఉన్నాయి. పొట్టలోని ఆర్కియా సూక్ష్మజీవుల చివరి మెట్టును అడ్డుకునే ఒక రసాయనాన్ని ఐరోపా సంఘం 2022లో, అమెరికా 2024లో అనుమతించాయి, పాడి ఆవుల్లో అది సగటున 30 శాతం మేర మీథేన్‌ను తగ్గిస్తుంది. అస్పరాగాప్సిస్ అనే ఎర్ర రంగు సముద్రపు నాచు కొన్ని ప్రయోగాల్లో 80 శాతానికి పైగా తగ్గించింది, అయితే అందులోని బ్రోమోఫామ్ అనే రసాయనంపై సందేహాలు తీరలేదు. బెంగళూరులోని జాతీయ పశుపోషణ, శరీరధర్మ సంస్థ చెట్లలో ఉండే వగరు పదార్థాలైన టానిన్లతో ‘హరిత్ ధార’ అనే మిశ్రమాన్ని రూపొందించింది, 17 నుంచి 20 శాతం తగ్గుదల దాని లక్ష్యం. ఇవన్నీ రోజూ దాణాలో కలిపి పెట్టవలసినవి. కొట్టంలో కట్టేసి మేపే పాడి పశువుకు సరిపోతాయి. పొద్దున మందతో బయలుదేరి, ఎండాకాలం వస్తే నల్లమల వైపో కృష్ణ ఒడ్డుకో వలసపోయే గొర్లకాపరికి ఏ పొడీ అందదు. టానిన్ల మాటకొస్తే, ఆ మంద దారిపొడవునా మేసే నల్లతుమ్మ కాయల్లోనూ అవి దండిగా ఉన్నాయి. ఊరి చుట్టూ ఉన్న తుమ్మలు, అవిశలు, సుబాబుల్ వంటి మేత చెట్లను కాపాడుకోవడం పొడి ప్యాకెట్ల కంటే ఇక్కడ పనికొచ్చే మార్గంగా తోస్తుంది.

రాజకీయంగా చూస్తే, 2021లో గ్లాస్గో సదస్సులో మొదలైన ప్రపంచ మీథేన్ ప్రతిజ్ఞపై, అంటే 2020తో పోల్చి 2030 నాటికి 30 శాతం తగ్గించాలన్న ఒప్పందంపై, భారత్ సంతకం చేయలేదు. దేశపు మీథేన్‌లో అధిక భాగం చిన్న రైతుల పశువుల నుంచి, వరి నుంచి వస్తోందని, అవి విలాసపు ఉద్గారాలు కావని, బతుకుతెరువు ఉద్గారాలని కేంద్రం వాదించింది. కేంద్రం ఐక్యరాజ్య సమితికి సమర్పించిన 2020 లెక్కల్లో, భూమిని వేడెక్కించే వాయువులన్నీ కలిపి చూస్తే ఇంధన రంగం వాటా 75 శాతానికి పైగా ఉంటే, వ్యవసాయం మొత్తం వాటా 14 శాతం లోపే. వాదన న్యాయమైనదే. అయితే రెండు బర్రెల రైతును చూపించి తెచ్చుకున్న ఆ మినహాయింపు నీడలో, బొగ్గు గనుల లీకులు, నగరాల చెత్తకుప్పలు కూడా తలదాచుకుంటున్నాయి. వాటికి బతుకుతెరువు వాదన వర్తించదు. మీథేన్ ఒక్కటే అయినా మూలాన్ని బట్టి బాధ్యత మారాలని ఒప్పుకుంటే, మినహాయింపు కూడా మూలాన్ని బట్టే ఉండాలి. సగం ఉద్గారాలు వ్యవసాయం నుంచే వచ్చే న్యూజిలాండ్ 2022లో త్రేన్పుల పన్ను ప్రతిపాదించి 2024లో విరమించుకుంది. అదే ఏడాది డెన్మార్క్ 2030 నుంచి పశువుల ఉద్గారాలపై పన్ను వేయాలని నిర్ణయించింది. ఎగుమతి కోసం వందల ఆవులు పెంచే చోట అర్థమయ్యే ఆ పన్నును పాల సంఘంలో పూటకు మూడు లీటర్లు పోసే మహిళ మీద ఊహించుకోవడం కష్టం.

పైగా వేడి వల్ల మొదట దెబ్బతినేది కూడా ఆమె కొట్టమే. నల్లని చర్మం, తక్కువ స్వేద గ్రంథులు ఉన్న బర్రె ఎండను ఆవు కంటే తక్కువ తట్టుకుంటుంది. నల్లగొండలో ఉష్ణోగ్రత 45 డిగ్రీలకు చేరే రోజుల్లో మేత తగ్గించి, పాలు తగ్గించి, ఎదకు రావడం కూడా ఆలస్యం చేస్తుంది. ఎదకు రాని ప్రతి నెలా పాలు లేకుండానే మీథేన్ వెలువడుతుంది కనుక, కొట్టం మీద చల్లని కప్పు, మధ్యాహ్నం నీళ్లు చల్లడం వంటి చిన్న పనులు కూడా ఉద్గారాల లెక్కలోకి వస్తాయి.

రాష్ట్ర స్థాయిలో అసలు మలుపు గొర్రెల సంఖ్యలో ఉంది. 2012లో 1.28 కోట్లున్న గొర్రెలు 2019 నాటికి 1.91 కోట్లకు చేరి తెలంగాణను దేశంలో మొదటి స్థానంలో నిలిపాయి. 2017 జూన్‌లో మొదలైన గొర్రెల పంపిణీ పథకం కింద 75 శాతం రాయితీపై ఇరవై గొర్రెలు, ఒక పొట్టేలు చొప్పున ఇవ్వడం దీనికి ఒక ముఖ్య కారణం. తలకు 5 కిలోల లెక్కన పెరిగిన 63 లక్షల గొర్రెల మీథేన్ ఏడాదికి సుమారు 31 వేల టన్నులు. అదే కాలంలో ఆవు జాతి సుమారు ఆరేడు లక్షల తలలు తగ్గింది, తలకు 27 కిలోల చొప్పున ఆదా అయింది 18 వేల టన్నుల లోపే. అంటే ఎద్దులు పోయినా, గొర్రెలు ఆ ఖాళీని నింపి ఇంకా పైకి తీసుకెళ్లాయి. తూము తెరిచిన చెరువు లెక్కలో వేడిని నిర్ణయించేది సరిగ్గా ఈ పెరుగుదలే కాబట్టి, 2024 అక్టోబరులో మొదలైన 21వ పశుగణనలో చూడవలసిన మొదటి అంకె దక్షిణ తెలంగాణ జిల్లాల గొర్రెల సంఖ్య, రెండోది పాలివ్వని బర్రెల సంఖ్య. ఆ తర్వాత ఆ తలలను గుణించడానికి ఉపఖండపు సగటుకు బదులు, చొప్ప తినే పశువుకు, వరిగడ్డి తినే పశువుకు, మందలో తిరిగే గొర్రెకు ఇక్కడే విడివిడిగా కొలిచిన గుణకాలు కావాలి.